కమలా ఖాన్ మనింటి పిల్లే, కానీ కలం ఎవరి చేతిలో ఉంది?



కమలా ఖాన్ పేరు వినగానే మన దగ్గర కొందరు పెద్దలు, "ముస్లిం పిల్లకు కమల ఏంటి, తౌబా!" అని మొహం చిట్లిస్తారు. మన తెలుగు చెవికి కమల అంటే తామరపువ్వే మరి. ఆ పిల్ల పేరు కమాల్ నుంచి వచ్చింది. పేరు సంగతి అక్కడితో వదిలేద్దాం, నా ఫిక్ర్ వేరే. మన ఆడపిల్లలు ఫోన్లలో, టీవీలో ఈమెను చూసి ముచ్చటపడుతున్నారు. చూడనివ్వాలా వద్దా అని అమ్మీలు అడుగుతున్నారు. నన్నడిగితే చూడటం కంటే ముందు పుస్తకం చదివించమంటాను. ఎందుకో చెప్పాలంటే ఈ బొమ్మల కథ అచ్చయిన తారీఖ్ చెప్పాలి.

అమెరికాలోని మార్వెల్ కంపెనీకి ముస్లిం పాత్రలు కొత్త కాదు. 2002లో ఎక్స్‌మెన్ కథల్లో సురయ్యా ఖాదిర్ అనే అఫ్ఘాన్ అమ్మాయి వచ్చింది. ఇసుక తుఫానుగా మారిపోయే తాఖత్ ఆమెది, ఒంటినిండా నల్ల అబాయా, మొహానికి నఖాబ్. వచ్చీ రాగానే మనుషుల్ని అమ్ముకునే వాళ్ల చేతిలో చిక్కి ఉంటుంది, వుల్వరిన్ వచ్చి విడిపిస్తాడు. అదీ సంగతి! మజ్లూమ్‌గా ఉంటేనే మన పిల్లకు కథలో చోటు. ఆమె ఇంట్లో ఏం వండుతారో, అమ్మీ దేనికి తిడుతుందో రాసినవాళ్లకు పట్టలేదు. 2006లో కువైట్ నుంచి నయీఫ్ అల్ ముతవ్వా అనే సైకాలజిస్టు 'ది 99' అని మన వైపు నుంచే ఒక కోషిష్ చేశాడు. దానిమీద ఫత్వా కూడా వచ్చింది. అది వేరే కిస్సా.

కమలా పుట్టుక వేరు. మార్వెల్ ఆఫీసులో సనా అమానత్ అనే ఎడిటర్ ఉంది, న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ ఇంటి అమ్మాయి. తన చిన్ననాటి సంగతులు తోటి ఎడిటర్ స్టీఫెన్ వాకర్‌కు చెప్తుంటే, అందులోంచి ఈ పాత్ర ఖయాల్ పుట్టింది. రాయడానికి జి. విల్లో విల్సన్‌ను పిలిచారు. ఆమె ఇస్లాం కబూల్ చేసి, కైరోలో బతికి వచ్చిన అమెరికన్. బొమ్మలు అడ్రియన్ అల్ఫోనా వేశాడు. 2013లో 'కెప్టెన్ మార్వెల్' 14వ సంచికలో కమలా ఒక్క క్షణం మెరిసింది. 2014 ఫిబ్రవరిలో 'మిస్ మార్వెల్' పేరుతో సొంత పుస్తకం వచ్చింది. అంతకుముందు ఆ పేరు కెరోల్ డాన్వర్స్ అనే తెల్ల హీరోయిన్‌ది. 2012లో ఆమె కెప్టెన్ మార్వెల్ కావడంతో పేరు ఖాళీగా ఉంది.

మొదటి సంచిక మళ్లీ మళ్లీ అచ్చయింది. 2015లో మొదటి సంపుటానికి హ్యూగో అవార్డు వచ్చింది. అదే ఏడాది జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ఇస్లాం వ్యతిరేక ప్రకటనలు పెడితే, ఎవరో వాటిమీద కమలా బొమ్మలు అతికించి పోయారు. నాకు అవార్డు కన్నా ఈ అతికించడమే ఎక్కువ ఖుషీ ఇచ్చింది.

ఇంతకీ పుస్తకంలో ఏముంది? జెర్సీ సిటీలో ఒక ఇల్లు. అబ్బా యూసుఫ్, అమ్మీ మునీబా. ఎప్పుడూ ఇబాదత్‌లో ఉండి ఉద్యోగం సంగతి పట్టించుకోని భయ్యా ఆమిర్. హిజాబ్ కట్టుకునే తుర్కీ దోస్త్ నకియా. మస్జిద్‌లో ఆడపిల్లలకు పర్దా వెనక చోటు ఎందుకని కమలా సవాల్ వేస్తుంది. మన ముహల్లాల్లో అమ్మాయిలు గొంతు దించి అడిగేదే అది. ఇమామ్ షేక్ అబ్దుల్లా మొదట చిరాకుపడతాడు. తర్వాత ఆమె రహస్యంగా ఏదో చేస్తోందని తెలిసినా తిట్టడు, నీకు తగిన ఉస్తాద్‌ను వెతుక్కో అంటాడు. ఆ పేజీ మన మౌల్వీసాబులు కూడా చదివితే బాగుండు. ఆమె యూనిఫాం కూడా బుర్ఖినీ కత్తిరించి కుట్టుకున్నదే. మొదటి సంచికలో ఇంట్లోంచి చెప్పకుండా పార్టీకి వెళ్లడం, అక్కడ ఎవరో జ్యూస్‌లో మందు కలిపి ఇవ్వడం ఉన్నాయి. చూసి ఉలిక్కిపడే అమ్మీలుంటారు, తెలుసు. కానీ ఆమె ఒక గుటక వేసి ఉమ్మేస్తుంది. కొన్ని పేజీల తర్వాత, తనను ఏడిపించిన పిల్లే నీళ్లలో పడితే, అబ్బా చెప్పిన సూరా మాయిదా ఆయత్ గుర్తు తెచ్చుకుని కాపాడుతుంది. హయా, ఇమాన్ అంటే గుడ్డ ముక్క ఒక్కటే కాదని ఇంత సాఫ్‌గా చెప్పిన పిల్లల పుస్తకం నేను వేరే చూడలేదు.

విల్సన్ రెండు విడతల్లో 57 సంచికలు రాసి 2019లో కలం పెట్టేసింది. తర్వాత సలాదిన్ అహ్మద్ 18 సంచికలు రాశాడు. 2022లో టీవీ సీరియల్ వచ్చింది, ఇమాన్ వెల్లాని వేసింది. అందులో 1947 బట్వారా రైలు చూసి, కరాచీలో బంధువులున్న మన హైదరాబాదీ ఇళ్లలో ఏడవనివాళ్లు తక్కువే ఉంటారు.

ఇక్కడే నాకు కోపం. 2023 మేలో కమలాను చంపేశారు. అదీ ఆమె సొంత పుస్తకంలో కాదు, స్పైడర్‌మ్యాన్ పుస్తకం 26వ సంచికలో, పరాయి కథలో మేరీ జేన్ రూపం ధరించి! రెండు నెలలు తిరక్కుండానే ఎక్స్‌మెన్ వాళ్లు లేపి కూర్చోబెట్టి, నువ్వు మ్యూటెంట్‌వి అన్నారు. నవంబర్‌లో సినిమా ఉంది కదా! అబ్బా అమ్మీ ఉన్న పిల్ల జనాజా అంత తేలికా? ఆ తర్వాతి కథను ఇమాన్ వెల్లాని, సబీర్ పిర్జాదా కలిసి రాయడం కొంత తసల్లీ. అయినా పేరు మీద హక్ కంపెనీదే. రేపు ఇంకేం చేసినా అడిగే నాథుడు లేడు.

కాబట్టి సినిమాతో మొదలుపెట్టొద్దు. విల్సన్ మొదటి 19 సంచికలు తెచ్చి ఇవ్వండి, పదేళ్లు దాటిన పిల్లలకు. పార్టీ పేజీ వచ్చినప్పుడు పక్కన కూర్చోండి, లాక్కోవద్దు. ఇంగ్లిష్ రాని నానీ ఇంట్లో ఉంటే, ఆమెకు ఈ కిస్సా పిల్లతోనే చెప్పించండి. మునీబా తిట్లు ఏ నానీకైనా తర్జుమా లేకుండానే అర్థమవుతాయి.