బండిని మోసే బండి

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. మనల్ని మోయవలసిన మోటారుసైకిలును మనమే మోసుకుపోవలసిన రోజు కూడా వచ్చింది. మన చెన్నపట్నం తెలుగు కుటుంబాల్లో పిల్లలకు డర్ట్ బైకు ముచ్చట పట్టుకుంది. అబ్బాయిలే కాదు, అమ్మాయిలూ శని, ఆదివారాలు మట్టి ట్రాకు మీద సాధన చేస్తామంటున్నారు. బండి కొనడం ఒక ఎత్తు, దాన్ని ట్రాకు దాకా చేర్చడం ఇంకొక ఎత్తు. “నాలుగు వైపులా మూసిన డబ్బా ట్రైలరు ఒకటి కొని మన కారుకు తగిలిస్తే సరి!” అంటారు పిల్లలు. సరిపోతుందా లేదా అన్నదే ఈ సంచికలో మన విషయం.

“బండి ఉన్నది తోలడానికే కదా, తోలుకుంటూ పోతే ఏం?” అని తాతగార్లు అడుగుతారు. పోటీల కోసమే తయారైన బండ్లకు లైట్లు, ఇండికేటర్లు ఉండవు. రిజిస్ట్రేషను ఉండదు. వాటిని రోడ్డెక్కించడం చట్టం ఒప్పుకోదు. నంబరున్న ఎక్స్‌పల్స్ వంటి బండి అయితే తోలుకుపోవచ్చు. కాని రోజంతా మిట్టపల్లాలు ఎగిరి దూకి ఒళ్ళు హూనమైన పిల్లవాణ్ణి సాయంకాలం లారీల మధ్య అదే బండి మీద ఇంటికి రమ్మనడం ఏ తల్లికీ మనసొప్పదు.

ఈ మోటారు పందేలు మన ఊరికి కొత్త కావు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953 నాటిది. షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు వచ్చింది. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ వారింటి కరివర్ధన్ మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చు రేసు కార్లు చేయించి ఎందరో కుర్రవాళ్ళకు దారి చూపారు. ఇక మట్టిదారి విషయానికొస్తే, బెంగుళూరు వాసి సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యారు. కేరళ కుర్రవాడు హరిత్ నోవా 2024లో అదే ర్యాలీలో 11వ స్థానంలో నిలిచాడు. కనుక పిల్లల సరదాను తీసిపారేయనక్కరలేదు.

అయితే ఒక్క మాట. తల్లిదండ్రులందరి భయం ట్రాకు మీదే. అక్కడ హెల్మెట్టు, ఛాతీ కవచం, మోకాలి కవచం, పక్కన శిక్షకుడు ఉంటారు. ఇరుంగాట్టుకోట్టై ఇక్కడికి 40 కిలోమీటర్లు. డర్ట్ పార్కు ఉన్న కోలారు ప్రాంతం దాదాపు 270. ఆ హైవే మీద వెనక ఒక పెద్ద పెట్టె లాగుతూ పోవడమే అసలు పరీక్ష. అందుకే పెట్టె రంగూ రూపూ చూడబోయే ముందు బరువు లెక్క వేయాలి.

పోటీ బండి ఒకటి 110 కిలోలు అనుకుందాం. రెండయితే 220. స్టాండ్లు, పనిముట్లు, టైర్లు, దుస్తులు, మంచినీళ్ళు, పెట్రోలు క్యాను కలిపితే ఇంకో 130. సామాను మొత్తం 350 కిలోలు. రెండు బండ్లు పట్టే మూసిన ట్రైలరు ఖాళీగానే 500 కిలోలు దాటవచ్చు. అంటే కారు లాగవలసింది 850 కిలోల పైమాటే! మీ కారుతో వచ్చిన పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చో చూడండి. లేకపోతే కంపెనీ వారిని అడిగి రాయించుకోండి. ఇంజను లాగగలదా అన్నది చిన్న ప్రశ్న. ఆపవలసినప్పుడు ఆగుతుందా అన్నది పెద్ద ప్రశ్న. ఇంత బరువు ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండవలసిందే.

అమెరికాలో ఉన్న మేనమామగారు “మా దగ్గర ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ట్రైలరు ఉంది, హాయిగా ఉంది” అని ఫోనులో ఊరించవచ్చు. ఆయన దాన్ని లాగేది పెద్ద పికప్ ట్రక్కుతో. అక్కడ కూడా చాలా రాష్ట్రాల్లో మొత్తం బరువు 3,000 పౌన్లు దాటితే ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి.

ఇక కొలతలు. బండి పొడవు సుమారు 2.2 మీటర్లు, హ్యాండిలు వెడల్పు 82 సెంటీమీటర్లు. రెండు బండ్లూ ఒకే వైపు ముఖం పెడితే హ్యాండిళ్ళు కొట్టుకుంటాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పెడితే తక్కువ వెడల్పులో ఇముడుతాయి. లోపల మనిషి నిలబడి తాళ్ళు బిగించేంత ఎత్తు ఉంటే నడుముకు సుఖం. వెనక తలుపు కిందికి వాలి ర్యాంపుగా మారేదైతే ఒక్కరే బండి ఎక్కించవచ్చు.

బరువు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ కూర్చుంది అన్నదీ అంతే ముఖ్యం. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందు కొక్కెం మీద పడాలి. సామానంతా వెనక్కు సర్దితే కొక్కెం తేలికై, వేగం పెరిగేసరికి ట్రైలరు పాముపడగలా అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసేయాలి. బయలుదేరే ముందు లారీల కాటా మీద ఒకసారి తూకం వేయించుకుంటే అనుమానం తీరుతుంది.

బండిని కట్టే కొక్కేలు కింద ఇనుప చట్రానికి బిగించి ఉండాలి, ఉత్త ప్లైవుడ్ చెక్కకు కాదు. ముందు చక్రానికి ఊతం, రెండు వైపులా రాట్చెట్ బెల్టులు కావాలి. ముందు షాకబ్జార్లు సగం కుంగితే చాలు. పూర్తిగా నొక్కితే సీళ్ళు పోతాయి. పెట్టెకు పైనా కిందా గాలి సందులు తప్పనిసరి, ఎందుకంటే పెట్రోలు ఆవిరి మూసిన చోట చేరితే నిప్పురవ్వ చాలు. పిల్లలు సరదాపడి లోపల కూర్చుంటామంటారు. ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. మన సముద్రపు గాలికి ఇనుప రేకు త్వరగా తుప్పు పడుతుంది కనుక అల్యూమినియం రేకు మేలు. అక్టోబరు వానలకు ముందు కప్పు అతుకులు చూసుకోవాలి.

ట్రైలరుకు విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. లాగే కారు నంబరు కూడా దాని వెనక కనిపించాలి. బీమా కంపెనీకి ముందే చెప్పాలి. షెడ్డులో చేయించిన పెట్టెకు కాగితాలు తరువాత చూద్దాం అనేవారి మాట వినవద్దు.

ఇంత లెక్కా వేశాక మా సలహా ఇదీ. నెలకు ఒకటి రెండు సార్లు వెళ్ళేవారికి ట్రైలరు అనవసరం. కంటైనరు బాడీ ఉన్న చిన్న సరుకుల బండిని, డ్రైవరుతో సహా, పసుపు నంబరు పలక చూసి అద్దెకు మాట్లాడుకోండి. బండ్లు అందులో, పిల్లలు మీ కారులో. కొక్కెం బెడద లేదు, ఇంటి ముందు చోటు వెతుక్కునే బాధా లేదు. మన అపార్టుమెంట్లలో కారు నిలపడానికే చోటు లేదు కదా! ఇద్దరు ముగ్గురు స్నేహితుల కుటుంబాలు కలిస్తే ఖర్చూ పంచుకోవచ్చు. ప్రతి వారం ఊరూరా పోటీలకు తిరిగేవారికి, తగిన పెద్ద బండి, నిలుపుకునే చోటు, లాగడంలో అలవాటు మూడూ ఉన్నవారికి మాత్రమే సొంత ట్రైలరు. ఆ మూడింటిలో ఒకటి తక్కువైనా ఆ డబ్బు మంచి హెల్మెట్టుకు, శిక్షణకు పెట్టండి. పిల్లలు అలిగినా రెండు రోజులే.