పరుగంటే మనోళ్లకి ఎందుకండీ అంత చిరాకు?

ఈరోజు రాసేది ధాన్యం డబ్బుల గురించి కాదండీ, కాలవ నీళ్ల గురించీ కాదు. పరుగు గురించి. నవ్వకండి, కొంచెం చదవండి.

దాళ్వా కోతలయ్యాక రక్తపరీక్ష చేయించుకుంటే షుగరు వచ్చిందన్నారు. డాక్టరుగారు "రోజూ నడవండి, వీలైతే మెల్లగా పరిగెట్టండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "అయ్యా, నేను రైతుని. నాకు వ్యాయామం చెప్తారా?" అన్నాను. ఆయన ఒక్కటే అడిగారు: "నిన్న పొద్దున్నుంచి రాత్రిదాకా ఎంత దూరం నడిచారు?"

ఇంటికొచ్చి లెక్కేసుకుంటే సిగ్గేసింది. వీధి అరుగు దగ్గర బండెక్కితే పుంత చివర చేను గట్టు దగ్గర దిగడం. అక్కడ నిలబడి నాలుగు కేకలెయ్యడం. మళ్లీ బండి, ఎరువుల కొట్టు, టీ కొట్టు, ఇల్లు. దమ్ము ట్రాక్టరు చేస్తోంది. ఊడుపు కూలోళ్లు ఊడుస్తున్నారు. కోత మిషను కోస్తోంది. మందు కొట్టడానికి మనిషిని పెట్టాం, కొన్ని ఊళ్లలో అదీ డ్రోనుకి అప్పజెప్పారు. మా నాన్న మెరక చేలకి గూడేసి నీళ్లు తోడిన మనిషి. కోతలప్పుడు పనలు మోశాడు, కుప్ప నూర్చాడు. నేను ఆయన పొలమే చేస్తున్నాను కానీ ఒంటి లెక్కలో నాది గుమాస్తా బతుకు. తిండి మాత్రం నాన్న తిన్నంతా తింటున్నాను, మూడు పూటలా అన్నం.

ఒక మాట. పొద్దున్న ఏడింటికి బురదలో వంగి మధ్యాహ్నం దాకా నడుమెత్తని ఆడకూలీకి ఈ పోస్టు అక్కర్లేదు. సొంతంగా పార పట్టే కౌలు రైతుకీ అక్కర్లేదు. ఇది నాలాంటి గట్టు మీద రైతులకి.

సరే, పట్టుదలగా ఒకరోజు తెల్లారగట్ల కాలవ గట్టు మీద పరుగు మొదలెట్టాను. వంద గజాలు పోయానో లేదో, పాలకేను పట్టుకొచ్చే పెద్దాయన సైకిలు దిగిపోయి "ఏవైందండీ? ఎవరికి బాగోలేదు?" అన్నాడు. ఆయన తప్పు కాదు. మన ఊళ్లలో పెద్దమనిషి పరిగెట్టాడంటే గడ్డివాము అంటుకున్నట్టు, పాము కరిచినట్టు, గట్టు తెగినట్టు. 1986 ఆగస్టు వరదలు చూసినోళ్లు, 1996 నవంబరు తుఫానులో కోనసీమలో ఉన్నోళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లకి పరుగంటే వ్యాయామం అని చెప్తే ఎలా ఎక్కుతుంది?

ఇక ఒళ్లు. మనం బద్ధకస్తులం కాబట్టి పరుగు ఇష్టం లేదనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో డేనియల్ లీబర్‌మన్ అనే ప్రొఫెసరు 2020లో దీని మీద పెద్ద పుస్తకమే రాశారు. ఆయన చెప్పేదాని సారం ఏంటంటే, మనిషి తిండి కోసమో, ప్రాణం కోసమో, సరదాకో కదిలాడు గానీ ఊరికే ఒళ్లు అలవడానికి ఎప్పుడూ కదల్లేదు. పనిలేనప్పుడు శక్తి దాచుకోవడం ఒంటి స్వభావం. మనకి ఆ పుస్తకం కూడా అక్కర్లేదులెండి. కాడి విప్పిన ఎద్దు ఎక్కడికెళ్తుంది? నీడకి వెళ్లి పడుకుంటుంది. చేను చుట్టూ నాలుగు రౌండ్లెయ్యదు కదా.

ఇంకో సంగతి తెలిసి నాకు నవ్వాగలేదు. జిమ్ముల్లో డబ్బు కట్టి ట్రెడ్‌మిల్ ఎక్కుతారు కదా, 1818 ప్రాంతంలో ఇంగ్లండులో కూబిట్ అనే ఇంజనీరు అలా తొక్కే పెద్ద చక్రాన్ని జైలు ఖైదీల కోసం తయారుచేశాడు. శిక్షగానండీ! మన బళ్లో మాత్రం ఏం చేశారు? ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు. చిన్నప్పుడు శిక్షగా పరిగెట్టించి, యాభై ఏళ్లొచ్చాక మందుగా పరిగెట్టమంటే మనసొప్పుద్దా?

పైగా మన గాలి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మే నెలలో తణుకులో గానీ అమలాపురంలో గానీ చెమట ఆరుతుందా? కారుతుంది, అంతే. అందుకే బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి చెప్పిన లెక్కలు ఇక్కడ పనికిరాలేదు. దానికితోడు నేను చేసిన తప్పు, మొదటిరోజే కుక్క తరిమినట్టు పరిగెట్టడం. మూడు నిమిషాల్లో గుండె గొంతులోకొచ్చింది, రెండ్రోజులు మోకాలు పట్టేసింది. పక్కనోడితో మాట్లాడగలిగేటంత మెల్లగా మొదలెట్టాలని తర్వాత తెలిసింది. మనలో చాలామంది పరుగంటే అసహ్యించుకునేది ఆ మొదటి మూడు నిమిషాల వల్లేనని నా అనుమానం.

అదే గట్టు మీద మా ఊరి పిల్లలు కూడా పరిగెడుతుంటారు. కానిస్టేబుల్ సెలక్షన్లో 1600 మీటర్ల పరుగు ఉంటుంది కదా, దానికోసం. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లు వెళ్తుంటే వంతెన మీద సిమెంటు బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనుషులు చేసే కామెంట్లు నేనిక్కడ రాయలేను. ఆయాసం తగ్గించుకుంటూ గట్టు మీద నిలబడ్డ రోజు ఆ పిల్లల్లో ఒకమ్మాయిని అడిగాను, "ఏమ్మా, నీకు పరుగంటే ఇష్టమా?" అని. "అస్సలు ఇష్టం లేదు బాబాయ్‌గారూ. ఉద్యోగం కోసం" అంది. ఆ చెప్పులు చూస్తే బూట్లు కూడా కావు, మామూలు రబ్బరు చెప్పులు. ఇష్టం లేని పని చీకట్లో లేచి రోజూ చేస్తున్న పిల్లని, ఇష్టం లేదని ఇంట్లో పడుకున్న మనం ఎగతాళి చేస్తున్నాం.

నా మటుకు నేను పరుగు మానేశాను. దాపరికమేం లేదు, నాకు నచ్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క కూడా వారానికి 75 నిమిషాలు పరుగులాంటి గట్టి వ్యాయామం, లేదంటే కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడక. నేను రెండోదానికి ఒప్పుకున్నాను. ఇప్పుడు బండి వంతెన దగ్గరే ఆపేసి చేనుకి నడిచి వెళ్తున్నాను, పోను రాను నలభై నిమిషాలు. గట్టు లంకలు కూడా ఇప్పుడు నేనే చెక్కుతున్నాను, కూలి ఖర్చూ తగ్గింది. గుండె జబ్బున్నోళ్లు, మోకాళ్లు అరిగినోళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా నా మాట విని ఏదీ మొదలెట్టకండి.

ట్రాక్టరు సోదరులకి ఒక మనవి. తెల్లారగట్ల గట్టు మీద పిల్లలు ఎదురొస్తే లైటు డిమ్ము చేసి కొంచెం పక్కకి తియ్యండి. ఆ మలుపు దగ్గర ఒక బల్బు వేయించమని పంచాయతీలో నేను అడుగుతాను. ఈ పోస్టు మా వంతెన బ్యాచ్‌కి కూడా పంపిస్తున్నాను. మొన్నటిదాకా ఆ బల్ల మీద నాకూ ఒక చోటు ఉండేది లెండి.