రైట్ పర్మిషన్ లేని డిటెక్టివ్

"దెయ్యమే డిటెక్టివ్ అయితే ఇంక సస్పెన్స్ ఏముంటుందిరా? గోడలోంచి దూరిపోయి అన్నీ వినేస్తుంది కదా!"

షెహాన్ కరుణతిలక రాసిన 'ది సెవెన్ మూన్స్ ఆఫ్ మాలి అల్మేదా' చదువుతున్నానని చెప్పగానే మా రూమ్మేట్ అన్న మాట ఇది. మొదట్లో నాదీ అదే డౌటు. 2022లో బుకర్ ప్రైజ్ వచ్చిందని మొదలుపెట్టాను తప్ప, దెయ్యాల కథలంటే నాకు పెద్ద ఇంట్రెస్ట్ లేదు. (మన దేశంలో ఇదే కథ 2020లోనే 'చాట్స్ విత్ ది డెడ్' పేరుతో వచ్చింది. తర్వాత బయటి పాఠకుల కోసం తిరగరాసి పేరు మార్చారు. అప్పుడు మనవాళ్లు ఎంతమంది పట్టించుకున్నారో!)

కథ శ్రీలంకలో, 1990 ప్రాంతపు కొలంబోలో జరుగుతుంది. మాలి యుద్ధం ఫొటోలు తీసేవాడు. జూదం పిచ్చి కూడా ఉంది. కళ్లు తెరిచేసరికి చచ్చిపోయి ఉంటాడు. పైలోకం అంటే రంభా ఊర్వశీ ఏం ఉండరు. అచ్చం మన మండలాఫీసు గోల, క్యూలతో సహా. తనని ఎవరు చంపారో గుర్తులేదు. గడువు ఏడు రాత్రులు. ఈలోపు మంచం కింద పెట్టెలో దాచిన ఫొటోలు లోకానికి కనిపించేలా చేయాలి. 1983 జులైలో తమిళుల మీద జరిగిన దాడుల ఫొటోలు కూడా అందులో ఉన్నాయి.

రూమ్మేట్ డౌటుకి రచయిత ఇచ్చిన జవాబు నాకు తెగ నచ్చింది. ఈ దెయ్యం ఎక్కడికి పడితే అక్కడికి పోలేదు. బతికుండగా తను తిరిగిన చోటికి, లేదంటే ఎవరైనా తన పేరు పలికిన చోటికి మాత్రమే వెళ్లగలదు. వెళ్లినా చూడటం, వినడం వరకే. మన భాషలో చెప్పాలంటే రీడ్ పర్మిషన్ ఉంది, రైట్ పర్మిషన్ లేదు. మాలి స్నేహితులు జాకి, డీడీ అతని కోసం వెతుకుతుంటే పక్కనే ఉంటాడు. ఒక్క మాట చెప్పలేడు. బతికున్నవాళ్ల చెవిలో గుసగుసగా మాట వేసే విద్య నేర్చుకోవాలన్నా దానికీ బేరాలే.

కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ అయినా, హోమ్స్ అయినా, హంతకుడు ఫలానా అని తేల్చాక మన పని అయిపోతుంది. మిగతాది పోలీసులు చూసుకుంటారు. ఇక్కడ ఆ పోలీసులనే నమ్మలేం. అప్పట్లో ఉత్తరాన ఎల్టీటీఈ, సైన్యం. దక్షిణాన జేవీపీ తిరుగుబాటు, దాన్ని అణచడానికి ప్రభుత్వం చేసిన హత్యలు. వేలమంది కుర్రాళ్లు మాయమైపోయారు. ప్రశ్న అడిగినవాడు కూడా మిగలని చోట డిటెక్టివ్ దెయ్యం కాక ఇంకెవరవుతారు? అందుకే ఇందులో దెయ్యం అనేది గిమ్మిక్ కాదంటాను.

మన సైన్యం కూడా 1987 నుంచి 1990 దాకా అక్కడే ఉంది. సిగ్గుగానే ఉంది కానీ, అది ఈ నవల చదివాకే నాకు సరిగ్గా తెలిసింది. అంతకుముందు నాకు శ్రీలంక అంటే రావణుడు, మలింగ. అంతే.

మధ్యలో కొంచెం సాగుతుంది, ఒప్పుకుంటాను. పార్టీల పొట్టిపేర్లతో తల తిరుగుతుంది. దానికి రచయితే ఒక చీట్‌షీట్ లాంటిది పెట్టాడు. దాన్ని స్కిప్ చేయకండి.

ఇంకోటి. నవల మొత్తం 'యూ' అంటూ నడుస్తుంది. ఇంగ్లీషులో అది నాకు పెద్ద తేడా అనిపించలేదు. ఒకరోజు ఫోన్లో అమ్మకి కథ చెప్తూ "నువ్వు కళ్లు తెరిచావు, చచ్చిపోయి ఉన్నావు" అని మొదలుపెట్టాను. "ఛీ, ఏం మాటల్రా అవి!" అని తిట్టింది. 'నువ్వు' అనగానే చావు ఇంత దగ్గరికొచ్చేస్తుందని అప్పటిదాకా తెలీదు నాకు. 'అతను' అని మార్చి చెప్పాను. అంతా విని, హంతకుడి గురించి గానీ ఫొటోల గురించి గానీ ఏమీ అడగలేదు అమ్మ.

"వాళ్లమ్మకి శవమైనా దొరికిందా?" అంది.

చెప్పాను. ఇక్కడ రాస్తే స్పాయిలర్ అవుతుంది.