కిక్కరు కాలికి కాపలా ఎవరు?

మొన్నటి దీపావళి పాట్‌లక్‌లో ఒక మిత్రుడు పక్కకు పిలిచి అడిగాడు. "మావాడు హైస్కూలు ఫుట్‌బాల్ టీములో చేరతానంటున్నాడండీ. చిన్నప్పట్నుంచీ సాకర్ ఆడిన కాలు కదా, కిక్కరుగా తీసుకుంటారట. వాళ్ళమ్మేమో ససేమిరా అంటోంది. కిక్కరును ఎవరూ ముట్టుకోకూడదట కదా, సంతకం పెట్టెయ్యనా?"

"ముట్టుకోకూడదు" అన్నది సగం నిజం. మిగతా సగం తెలుసుకున్నాకే సంతకం పెట్టడం మంచిదన్నాను.

అమెరికన్ ఫుట్‌బాల్ ఒక రకంగా మన కబడ్డీకి పెద్దన్నయ్య. కూతకొచ్చినవాడి మీద పడినట్టే బంతి ఉన్నవాడి మీద అందరూ పడతారు, పడటమే ఆట. మరి కిక్కరుకు మినహాయింపు ఎందుకు? తన్నే క్షణంలో అతన్ని చూడండి. ఒక కాలు నేలలో పాతినట్టు ఉంటుంది, రెండోది గాలిలోకి లేచి ఉంటుంది, చూపంతా బంతి మీదే. ఒంటి బరువు మొత్తం ఒక్క మోకాలి మీద. అప్పుడు పక్కనుంచి ఎవడైనా వచ్చి గుద్దితే తప్పుకునే దారి లేదు.

అందుకే ఎన్‌ఎఫ్‌ఎల్ నియమాలు ఆ రెండు కాళ్ళనూ వేరువేరుగా చూస్తాయి. రెండో కాలు ఇంకా గాలిలో ఉండగా నేల మీదున్న కాలిని గుద్దితే అది "రఫింగ్". 15 గజాల శిక్ష, పైగా ఫస్ట్ డౌన్, అంటే బంతి తన్నిన జట్టుకే మళ్ళీ దక్కుతుంది. గాలిలో ఉన్న పాదానికి తగిలితే మామూలుగా "రన్నింగ్ ఇంటూ". దానికి 5 గజాలే, ఫస్ట్ డౌన్ దానంతటది రాదు. ముందు బంతిని తాకి ఆ ఊపులో కిక్కరుకు తగిలితే తప్పు లేదు. ఎదుటి జట్టువాడు తోస్తే వచ్చి పడినా తప్పు లేదు. కాగితం మీద ఇదంతా చక్కగానే ఉంది. కానీ ఏ కాలికి తగిలింది, ఎంత గట్టిగా తగిలింది అన్నది రెప్పపాటులో తేల్చవలసింది రెఫరీ.

2003 జనవరి 11న టెనెసీ టైటన్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ప్లేఆఫ్‌లో తలపడ్డాయి. అదనపు సమయంలో టైటన్స్ కిక్కరు జో నెడ్నీ 31 గజాల నుంచి గురి తప్పాడు. స్టీలర్స్ ఆటగాడు డివేన్ వాషింగ్టన్ వచ్చి తగిలాడు, నెడ్నీ కూలబడ్డాడు, పసుపు జెండా పడింది. 5 గజాలు ముందుకు జరిగి 26 గజాల నుంచి కొట్టిన బంతితో టైటన్స్ 34-31తో గెలిచింది. ఆట మానేశాక నటన ప్రయత్నిస్తానేమో అని నెడ్నీ తర్వాత సరదాగా అనడం పిట్స్‌బర్గ్ వాళ్ళకు పుండు మీద కారం చల్లినట్టయింది. నన్నడిగితే జెండా సరైనదే. తగలడం తగిలాడు, పడటంలో నాటకం ఎంతన్నది నియమానికి అనవసరం.

2016 నవంబరు 7న సియాటిల్‌లో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. మొదటి సగం ముగుస్తుండగా బఫెలో బిల్స్ కిక్కరు డాన్ కార్పెంటర్ ఫీల్డ్ గోల్‌కు సిద్ధమయ్యాడు. సీహాక్స్ ఆటగాడు రిచర్డ్ షెర్మన్ ముందుగానే గీత దాటి దూసుకొచ్చి కాలి మీద పడ్డాడు. రెఫరీ ఆఫ్‌సైడ్ మాత్రమే ఇచ్చాడు, రఫింగ్ ఇవ్వలేదు. చోద్యం ఏమిటంటే, చికిత్సకు ట్రైనర్లు మైదానంలోకి వచ్చారు కాబట్టి నియమం ప్రకారం దెబ్బ తిన్న కార్పెంటరే ఒక ప్లే బయట ఉండాల్సి వచ్చింది! కొట్టినవాడు లోపల, తిన్నవాడు బయట. ఆ తర్వాత గడియారం గందరగోళంలో బిల్స్‌కు మరో 5 గజాల శిక్ష పడింది, చివరికి 54 గజాల కిక్కు తప్పింది. బిల్స్ 31-25తో ఓడింది. ఆ 3 పాయింట్లు ఉంటే చివర్లో ఒక ఫీల్డ్ గోల్‌తో సమం చేసే వీలుండేది. రఫింగ్ ఇచ్చి ఉండాల్సిందని అప్పటి లీగ్ అంపైరింగ్ అధిపతి డీన్ బ్లాండినో ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే స్కోరు మారదు కదా.

ఇక అసలు భయం తన్నిన తర్వాతిది. 2013 డిసెంబరు 15న సిన్సినాటి బెంగాల్స్ పంటరు కెవిన్ హ్యూబర్ బంతిని తన్నేసి, దాన్ని పట్టి పరుగెత్తుకొస్తున్న ఆంటోనియో బ్రౌన్‌కు అడ్డం వెళ్తుంటే స్టీలర్స్ ఆటగాడు టెరెన్స్ గార్విన్ గుద్దాడు. హ్యూబర్ దవడ విరిగింది, వెన్నుపూస చిట్లింది. జెండా పడలేదు. రిటర్న్ పూర్తయ్యేదాకా పంటరు తల, మెడ మీద కొట్టకూడదన్న నియమం అప్పటికే ఉంది. లీగ్ తర్వాత 25,000 డాలర్ల జరిమానా వేసింది.

హైస్కూళ్ళలోనూ 15, 5 గజాల లెక్కే. కిక్కాఫ్‌లో మాత్రం కిక్కరు 5 గజాలు ముందుకు వెళ్ళేదాకా, లేదా బంతి నేలనో మరొకరినో తాకేదాకానే అతన్ని అడ్డుకోకూడదు. ఆ పైన అతనూ అందరిలాంటి ఆటగాడే. డాలస్ వైపు ఉన్నవారికి ఇంకో మాట: టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలలు చాలావరకు కాలేజీ నియమాలతో ఆడతాయి. ఆ నియమాల్లో పంటరు బంతి పట్టుకుని పక్కకు పరుగెత్తి, లైన్‌మెన్ వెనకుండే టాకిల్ బాక్స్ దాటాడంటే ఆ రక్షణ పోతుంది.

ఇవన్నీ విని మావాడు సంతకం వాయిదా వేశాడు. ముందు కోచ్‌ను ఒక్క ప్రశ్న అడుగుతానన్నాడు: "తన్నాక మా అబ్బాయి ఎటు వెళ్ళాలండీ? వెనక్కా, గుంపులోకా?"