పోస్టర్‌లో పెట్టిన కవిత గూగుల్‌కి కనిపించదు

మన క్లబ్ పేజీలో వచ్చిన కవితల్లో మీకు బాగా నచ్చిన ఒకదాన్ని తీసుకోండి. అందులోంచి ఒక లైను, అక్షరం పొల్లుపోకుండా, గూగుల్‌లో కొట్టి చూడండి. చాలావాటికి ఏమీ రాదు. కవిత బాగోలేక కాదు, మనం దాన్ని బొమ్మగా పెట్టాం కాబట్టి. వెనక సూర్యాస్తమయం, ముందు అక్షరాలు, మూలన మన లోగో, అన్నీ కలిపి ఒక జేపీజీ ఫైలు. పేజీలో నిజంగా అక్షరాలుగా ఉన్నది "కొత్త కవిత, చదివి షేర్ చెయ్యండి" అన్న ఒక్క ముక్కే. సెర్చ్ ఇంజిన్ లెక్కలో మన కవులు ఏడాదంతా రాసింది అదొక్కటే అన్నమాట.

ఇమేజ్ ఎస్‌ఈవో అనగానే అందరూ ముందు ఫైలు సైజు గురించి చెప్తారు. అది అవసరమే. ఫోన్ తెర అడ్డంగా సుమారు వెయ్యి పిక్సెళ్లు ఉంటే, నాలుగు వేల పిక్సెళ్ల పోస్టర్ ఎక్కించడం డేటా దండగ. పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత. సైజు తగ్గించి వెబ్‌పీలోకి మార్చడం, ఫోన్ ఇచ్చిన అంకెల పేరు తీసేసి అర్థమయ్యే పేరు పెట్టడం, ఇదంతా ఒక మధ్యాహ్నం పని. (ఫైలు పేరు తెలుగులోనూ పెట్టొచ్చు. కాకపోతే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి 3 బైట్లు కాబట్టి, "తెలుగు" అనే చిన్న మాట లింకులోకి వెళ్లేసరికి 54 క్యారెక్టర్ల పర్సెంట్ గుర్తుల దండ అవుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.)

నా గొడవ అది కాదు, ఆల్ట్ టెక్స్ట్ గురించి. బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే చిన్న వాక్యం అది. ఇప్పుడు దాన్ని అందరూ గూగుల్‌కి పెట్టే నైవేద్యంలా చూస్తున్నారు. కానీ గూగుల్ ఇమేజెస్ వచ్చింది 2001లో. ఆల్ట్ 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉంది. బొమ్మ చూడలేని మనిషి కోసం పెట్టిన జాగా అది. చూపు లేనివాళ్ల ఫోన్‌లో స్క్రీన్ రీడర్ పైకి చదివేది దాన్నే. ఒకసారి మీ ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మన పేజీ తెరవండి. కవిత దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు "ఇమేజ్" అని ఊరుకుంటుంది. ఇరవై లైన్ల కవితకి అంతే.

సరే, ఆల్ట్ పెడదాం అనుకున్నాక కొందరు ఏం రాస్తారంటే: "ఉగాది, ఉగాది కవిత, బెస్ట్ ఉగాది కవితలు, ఉగాది ఇమేజెస్ ఫ్రీ డౌన్‌లోడ్." ఇది చెవిన పడితే ఎలా ఉంటుందో ఊహించండి, బస్టాండులో అనౌన్స్‌మెంట్‌లా. ఇలా కీవర్డ్‌లు కుక్కితే సైటు స్పామ్‌లా కనిపించొచ్చని గూగులే తన సూచనల్లో చెప్పింది. అదే బొమ్మకి "మట్టి మూకుడులో ఉగాది పచ్చడి, పక్కన వేపపువ్వు, సగం కోసిన మామిడికాయ" అని రాస్తే? వినేవాళ్లకి బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. ఉగాది పచ్చడి కోసం వెతికేవాళ్లకి మన పేజీ తగిలే అవకాశమూ పెరుగుతుంది. ఒక్క వాక్యం రెండు పనులూ చేస్తుంది. అయితే ఆ వాక్యం రాయడం అనుకున్నంత తేలిక కాదు. నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్లకి కోడ్ రెండు నిమిషాలు, "మూకుడు" అన్న మాట గుర్తొచ్చేసరికి పది నిమిషాలు.

పోస్టర్ ఎందుకంటే మనవాళ్ల జవాబు ఒకటే: "యూనికోడ్ తెలుగు అందంగా ఉండదురా." అను ఫాంట్లతో ఫోటోషాప్‌లో చేస్తే అక్షరం నిండుగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ పాత ఫాంట్లలో టైప్ చేసింది కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. అందుకే బొమ్మగా మార్చక తప్పదు, మార్చాక వెతకడం కుదరదు. యూనికోడ్‌లో ఇప్పుడు సిలికాన్ ఆంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లున్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వీళ్లంతా గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరుకుతున్నారు. రాయలవారికి కూడా ఇంత చవగ్గా దొరికి ఉండరు. వాటితో వెబ్ పేజీలోనే కవితని అందంగా పేర్చొచ్చు.

"ఇప్పుడు గూగుల్ లెన్స్ బొమ్మలో అక్షరాలు చదివేస్తుంది కదా" అని సీనియర్ ఒకన్న అన్నారు. చదువుతుంది, అచ్చు తెలుగు శుభ్రంగా ఉంటే. వంకర్లు తిరిగిన ఫాంటులో, వెనక సూర్యాస్తమయం పెట్టి, వత్తులు పై లైను నుంచి కింద లైనులోకి జారిపోతుంటే అది ఏది చదువుతుందో దాని ఇష్టం. ముఖ్యమైన మాటల్ని బొమ్మలో పెట్టొద్దని గూగులే వెబ్‌సైట్లవాళ్లకి సలహా ఇచ్చింది. ఒకవేళ రేపు అన్నీ చదవగలిగినా, మన కవితని మనమే అక్షరాల్లో ఇవ్వకుండా ఒక మెషీన్ ఊహకి వదిలెయ్యడం నాకైతే నచ్చదు.

పోస్టర్లు మానెయ్యమనట్లేదు. వాట్సాప్ స్టేటస్‌కి అవే బాగుంటాయి, డిజైన్ టీమ్ కష్టమూ నాకు తెలుసు. నేనడిగేది ఇంతే: వచ్చే సంచిక నుంచి ప్రతి పోస్టర్ కింద కవిత మొత్తం యూనికోడ్‌లో పెట్టాలి. అప్పుడు ఆల్ట్‌లో కవితంతా మళ్లీ దించక్కర్లేదు, బొమ్మ గురించి ఒక్క వాక్యం చాలు. పాత పోస్టర్లలో కవితల్ని మళ్లీ టైప్ చెయ్యడానికి నేను వారానికి ఐదు తీసుకుంటా. ఇంకో నలుగురు వస్తే సెమిస్టర్ ఎగ్జామ్స్ లోపు అయిపోతుంది. ఇక ఆ ఒక్క వాక్యం కవి రాయాలా, బొమ్మ చేసినవాళ్లు రాయాలా అన్నది మీటింగ్‌లో తేల్చుకుందాం. నా ఓటు కవికే, డిజైన్ టీమ్ ఒప్పుకుంటే.