మునిగిన ఓడకు కావలి ఎవరు?

మహాసముద్రగర్భమున మునిగిన ఓడకు ఆ లోతే కావలి. ఒడ్డు చెంత, కొద్దిపాటి నీటిలో మునిగిన ఓడకు కావలి ఎవరు? ఇండొనీషియాలోని బాలి ద్వీపమున, తులాంబెన్ గ్రామతీరమున నున్న ‘లిబర్టీ’ ఓడను తలచినప్పుడు ఈ ప్రశ్న కలుగక మానదు.

అమెరికా సైన్యమునకు సరకులు చేరవేయుచున్న ఆ ఓడ 1942 జనవరి 11వ తేదీన, లంబోక్ జలసంధి సమీపమున జపాను జలాంతర్గామి ప్రయోగించిన టార్పిడో దెబ్బ తినెను. రెండు యుద్ధనౌకలు దానిని సింగరాజా రేవునకు లాగుకొనిపోవ యత్నించినవి. కాని ఓడలో నీరు నిండుచుండుటచే తులాంబెన్ ఒడ్డునకెక్కించి విడువవలసివచ్చెను. ఇరువదియొక్క సంవత్సరములు అది ఆ ఒడ్డుననే పడియుండెను. 1963లో అగుంగ్ అగ్నిపర్వతము బ్రద్దలై వేయిమందికి పైగా జనులను బలిగొన్నది. ఆనాటి భూప్రకంపనములకే ఓడయు జారి నీటిలోనికి ఒరిగెను.

నేడు సుమారు 120 మీటర్ల పొడవుగల ఆ ఓడ పైభాగము నీటికి కొద్ది మీటర్ల దిగువనే యున్నది. అడుగుభాగము 30 మీటర్ల లోతు వరకు దిగియున్నది. నీటిలో ప్రతి పది మీటర్లకును ఒక వాతావరణ పీడనము హెచ్చును. లోతు తగ్గినకొలది వీపున ధరించిన సిలిండరులోని గాలి ఎక్కువసేపు వచ్చును. అందుచే ఈత నేర్చి, కొలది శిక్షణ పొందినవారును ఒడ్డునుండియే నడిచిపోయి ఆ ఓడను చూడగలుగుచున్నారు. ఇనుప పలకలపై పగడములు పెరిగినవి. సరకుల గదులలో చేపలు గుంపులుగా తిరుగుచున్నవి. సిలిండర్లను తలపై మోయు స్త్రీలు మొదలు వసతిగృహముల వారి వరకు గ్రామమున ఎందరికో ఆ ఓడయే జీవనాధారము.

అన్ని ఓడలకును ఈ భాగ్యము లేదు. 1941లో జర్మన్ విమానముల బాంబులకు ఎర్రసముద్రమున మునిగిన బ్రిటిషు ఓడ ‘థిసిల్‌గార్మ్’పై తొమ్మిదిమంది మరణించిరి. దాని గర్భమున నేటికిని లారీలు, మోటారు సైకిళ్లు నిలిచియున్నవి. వాని భాగములను జ్ఞాపికలని ఊడదీసికొనిపోయిన సందర్శకులు కలరు. పడవలవారు కట్టిన లంగరు త్రాళ్లు ఓడ ఇనుమునే చీల్చినవి. తొమ్మిదిమంది మరణించిన చోటు కొందరికి అంగడి యయ్యెను!

శాసనములు కాపాడునని ఊరకుండరాదు. నీటి అడుగుననున్న సాంస్కృతిక సంపదను గూర్చి 2001లో యునెస్కో చేసిన ఒడంబడిక నూరు సంవత్సరములు నీటిలోనున్న వానికే వర్తించును. రెండవ ప్రపంచయుద్ధపు ఓడలకు ఆ వయస్సు ఇంకను రాలేదు. అంతవరకు వానికి సందర్శకుని సంస్కారమే రక్ష.

ఇట్టి ఓడ చరిత్రను, భౌతికశాస్త్రమును, జీవశాస్త్రమును ఒక్కచోట బోధింపగల పాఠశాల. ఉపాధ్యాయులు దాని కథ చెప్పునపుడు ఈ నీతిని కూడ విద్యార్థులకు చెప్పవలెను: చూచు హక్కు అందరికిని కలదు, తీసికొనిపోవు హక్కు ఎవరికిని లేదు.