ఆ మొదటి బహుమతి నాది

మొన్న మా అబ్బాయికి స్కూల్లో మొదటి బహుమతి వచ్చింది. నాలుగో తరగతి సైన్స్ ప్రాజెక్టు, ఇంకుడు గుంత నమూనా. థర్మోకోల్ కోసింది నేను. రంగులేసింది నేను. అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో వివరణ రాసింది నేను. బాలానగర్ చౌరస్తా దాకా రెండుసార్లు వెళ్ళి ఫెవికాల్, చార్టులు, గడ్డిలా కనిపించే పచ్చ షీటు తెచ్చిందీ నేనే. రెండు సాయంత్రాలు, ఆరు వందల రూపాయలు. మా వాడు చేసిందల్లా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో జాగ్రత్తగా కూర్చోవడం.

బహుమతి ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "చాలా కష్టపడ్డాడు" అని రాశాను. ఆ అబద్ధమే ఇవాళ ఇదంతా రాయిస్తోంది.

ఆ నమూనా తయారవుతున్న రోజు రెండో శనివారం. మా ఇంట్లో పనిచేసే ఆమె తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లదీ నాలుగో తరగతే, మా వెనక బస్తీ దగ్గరి సర్కారు బడిలో. కాసేపు నిలబడి చూసి, "ఆంటీ, గుంత ఉన్న వైపే ఎత్తుగా ఉంది. నీళ్ళు గేటు దిక్కు పోతయి గదా, గుంతలకు ఎట్లొస్తయి?" అంది. నిజమే. తెల్లవారకముందే లేచి నల్లా దగ్గర బిందెలు వరసపెట్టే పిల్లకు నీళ్ళు ఎటు పారతాయో ఎవరూ నేర్పక్కర్లేదు. "అదంతా ఎవరు చూస్తార్లేమ్మా" అన్నాను. ఎవరూ చూడలేదు కూడా. బహుమతి ఇచ్చేశారు.

నేను బీఏ తెలుగు చదివి ఇల్లు చూసుకుంటున్నదాన్ని. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా నా ఉద్యోగం మా వాడి చదువే. హోంవర్కు, డిక్టేషన్, ప్రాజెక్టు, పేరెంట్స్ మీటింగు. అదే వేళకు ఆ పిల్ల తల్లి మా అపార్ట్‌మెంట్లో మూడో ఇంటి గిన్నెలు తోముతుంటుంది. ఆమె తోమే గిన్నెల్లో నావీ ఉన్నాయి. అంటే నా కొడుకు పక్కన నేను కూర్చోగలగడానికి, తన కూతురి పక్కన ఆమె కూర్చోలేకపోవడానికి మధ్య మా ఇంటి సింకు ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఫ్రాన్స్‌లో పియరీ బోర్డ్యూ అనే సామాజిక శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన తండ్రి పల్లెటూరి పోస్టాఫీసులో పనిచేశాడు. బడి పిల్లల మధ్య తేడాను చెరపకపోగా, ఇంట్లో ఉన్న తేడాకే ముద్ర వేసి సర్టిఫికెట్ ఇస్తుందని జాన్ క్లోద్ పాసెరోన్‌తో కలిసి 1970లో ఒక పుస్తకమే రాశాడు. ఇంట్లో పుస్తకాలు, మాట తీరు, పెద్దల చదువు, ఇవన్నీ ఒక పెట్టుబడి అంటాడు. మన ముసలమ్మలు ఇదే మాటను ఎప్పుడో చెప్పారు: ఉన్నమ్మా ఉన్నమ్మకే పెడుతుంది, లేనమ్మా ఉన్నమ్మకే పెడుతుంది.

ఆ పిల్ల తండ్రి బాలానగర్ వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తాడు. వెంట్రుకవాసి తేడా వస్తే పీసు వెనక్కొస్తుందట. కొలతలు అంత తెలిసిన మనిషి ఇంట్లో ఉన్నా ఆ లెక్క బడికి అక్కర్లేదు. నా గుండ్రటి అక్షరాలు మాత్రం కావాలి.

మా గ్రూపులో ఇరవై అయిదు శాతం సీట్ల మాట ఎత్తితే చాలు, "ఫ్రీ పిల్లలొస్తే మన పిల్లల స్టాండర్డ్ పడిపోతుంది" అంటారు. ఎవరి స్టాండర్డమ్మా? నేను కోసిన థర్మోకోల్‌దా? ఆ సీట్లు ఎవరి దయా కాదు. 2009 విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్‌లో రాసి ఉంది. ప్రైవేటు స్కూళ్ళు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ళ ఖర్చు ప్రభుత్వం చట్టం చెప్పిన లెక్కన కట్టాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఇది చెల్లుతుందంది, ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ స్కూళ్ళను మినహాయించి. అయినా మన తెలంగాణలో ఏళ్ళ తరబడి ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోయింది.

అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం, చేర్చుకునేటప్పుడు పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోయకూడదు. పోస్తే మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా. మావాణ్ణి చేర్చిన రోజు ఆ స్కూలు నన్ను ఇంగ్లీషులో అరగంట ప్రశ్నలడిగింది. "హోంమేకరా? గుడ్, పిల్లాడికి టైమిస్తారు" అన్నారు. నేను పొంగిపోయాను. వాళ్ళకు జీతం లేని టీచరు దొరికిందని ఇప్పుడు అర్థమవుతోంది.

"వాళ్ళకు గురుకులాలున్నాయిగా" అంటారు ఇంకొందరు. ఉన్నాయి, గొప్పవే. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం సంగతి మా నాన్న తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని పూర్ణ మాలావత్ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. కడుపునిండా తిండి, సాయంత్రం స్టడీ అవర్, అడిగితే చెప్పే మనిషి ఉంటే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. కానీ సంక్షేమ గురుకులంలో ఐదో తరగతిలో చేరాలన్నా పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. తర్వాత ఇల్లు వదలాలి. నా కొడుక్కి మంచి బడీ అమ్మా రెండూ కావాలి. ఆమె కూతురు మాత్రం మంచి బడి కోసం పదేళ్ళకే అమ్మను వదులుకోవాలా?

1966లోనే కొఠారీ కమిషన్ అందరి పిల్లలూ తమ పేటలోని ఒకే బడికి వెళ్ళాలని సిఫారసు చేసింది. అది జరిగుంటే ఆ రెండో శనివారం ఆ ఇద్దరూ ఒకే ప్రాజెక్టు మీద కూర్చునేవారు. గుంత సరైన చోట ఉండేది. మా వాడికి నీళ్ళు పల్లానికి పారతాయని తెలిసేది. ఇప్పటికీ వాడికి తెలియదు. బహుమతి మాత్రం షోకేసులో ఉంది.

అందుకే వచ్చే మీటింగులో రెండు మాటలు అడగబోతున్నాను. ప్రాజెక్టులన్నీ క్లాసులోనే, స్కూలు ఇచ్చే సామానుతోనే చేయించండి. 25 శాతం సీట్ల సంగతి మీ స్కూల్లో ఏమైందో చెప్పండి. "అనవసరంగా పిల్లాణ్ణి టార్గెట్ చేస్తారు" అని మావారు భయపడుతున్నారు. నాకూ భయమే. ఒక్కదాన్నే అడిగితే నస పెట్టే తల్లిననుకుంటారు. పది మందిమి లేస్తే జవాబు చెప్పక తప్పదు. మీ పిల్లల ప్రాజెక్టులు కూడా మీరే చేస్తున్నారని నాకు తెలుసు. లేవండి మరి.